పన్ను వేసేదెవరు? జవాబు చెప్పేదెవరు?

(మహిళా కార్యకర్తల అధ్యయన శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



"రాజ్యాలు కలిసి ఒక యూనియన్‌గా ఏర్పడినప్పుడు పన్నుల మీద అధికారం ఎవరి చేతిలో ఉండాలి?" అన్న విషయం మీద మాట్లాడమని పిలిచినప్పుడు నిర్వాహకులే కాస్త మొహమాటపడ్డారు. గృహహింస, భూమి హక్కు, కూలి రేట్లు లాంటివైతే ఇక్కడున్న వాళ్లందరికీ రోజూ తగిలే విషయాలు. పన్నులంటే మాత్రం ఆడిటర్ల వ్యవహారమనీ, మగవాళ్లు పేపర్లో చదువుకునే పేజీ అనీ మనలో ఒక భావం ఉంది. నేను కూడా చదువుకున్నది సోషియాలజీ, ఆర్థికశాస్త్రం కాదు. అసంఘటిత రంగంలో పనిచేసే స్త్రీల గురించి పరిశోధన చేస్తూ వచ్చిన నన్ను ఈ విషయంలోకి లాగింది ఒక ప్రశ్న. ముందు ఆ ప్రశ్న చెప్పి తర్వాత విషయంలోకి వస్తాను.

2018 చివర్లో ఒక మండల కేంద్రంలో పొదుపు సంఘం స్త్రీలు నడుపుకుంటున్న శానిటరీ నాప్‌కిన్ల యూనిట్ చూడటానికి వెళ్లాను. రెండు గదులు, మూడు మిషన్లు, పదకొండు మంది ఆడవాళ్లు. లెక్కలు రాసే ఆమె బిల్లుల ఫైలు తెచ్చి నా ముందు పెట్టింది. "అక్కా, ప్యాడ్ల మీద జీఎస్టీ తీసేశారని టీవీలో చెప్పారు గదా. మేం కొనే గుజ్జు, ప్లాస్టిక్ షీటు, గమ్ము, కవర్లు అన్నిటి మీదా పన్ను కడుతూనే ఉన్నాం. మరి మాకు తీసేసిందేంటి?" అని అడిగింది. ఆమె ఊరుకోలేదు, అంతకుముందే తిరిగింది కూడా. ఒక ఆఫీసులో "ఇది కౌన్సిల్ నిర్ణయం, మా చేతుల్లో లేదు" అన్నారట. ఒక నాయకుడు "ఢిల్లీ వాళ్లనడగాలి" అన్నాడట. "ఢిల్లీలో ఎవర్ని అడగాలక్కా?" అన్నది ఆమె రెండో ప్రశ్న.

ఆ రోజు నా దగ్గర రెంటికీ జవాబు లేదు. వెతుక్కుంటూ వెళితే నేను యూరప్ దాకా వెళ్లవలసి వచ్చింది. వేరు వేరు ప్రభుత్వాలు ఒకే మార్కెట్‌గా కలిసి, పన్నుల అధికారాన్ని పంచుకున్న సుదీర్ఘ అనుభవం అక్కడ ఉంది. ఆ అనుభవంలో స్త్రీలు ఏం నేర్చుకున్నారో తెలిస్తే మన సంగతి మనకు బాగా అర్థమవుతుందని నా నమ్మకం.

జాబితా రాసిన చేతులు

యూరోపియన్ యూనియన్‌లో ఇప్పుడు 27 దేశాలున్నాయి. 1957 నాటి రోమ్ ఒప్పందంతో ఆరు దేశాలు మొదలుపెట్టిన కూటమి ఇది. ఇక్కడ పన్నుల విషయంలో ఒక నియమం ఉంది. చాలా విషయాల్లో మెజారిటీ ఓటుతో నిర్ణయాలు జరుగుతాయి గానీ, పన్నుల దగ్గరకొచ్చేసరికి సభ్య దేశాల ప్రభుత్వాలన్నీ ఒప్పుకోవాలి. ఒక్క దేశం కాదంటే నిర్ణయం ఆగిపోతుంది. పన్ను వేసే హక్కు జాతీయ సార్వభౌమాధికారానికి గుండెకాయ లాంటిదనీ, దాన్ని పైవాళ్లకు అప్పగించలేమనీ ప్రభుత్వాల వాదన.

అయితే సరుకుల మీద వేసే పన్ను, అంటే వ్యాట్, విషయంలో వాళ్లంతా కలిసి ఉమ్మడి నియమాలు రాసుకున్నారు. ఒక దేశంలో సరుకు చవకై, పక్క దేశంలో ఖరీదైతే వ్యాపారం దెబ్బతింటుంది కాబట్టి. 1992లో చేసిన నిబంధనల ప్రకారం మామూలు వ్యాట్ రేటు 15 శాతానికి తగ్గకూడదు. కొన్ని ముఖ్యమైన సరుకులకు తక్కువ రేటు పెట్టుకోవచ్చు, అదీ 5 శాతానికి తగ్గకూడదు. సున్నా రేటు కొత్తగా ఎవరూ పెట్టకూడదు. 1991 జనవరి 1 నాటికి ఏ దేశంలో ఏ సరుకు మీద సున్నా ఉందో దాన్ని మాత్రం ఉంచుకోవచ్చు.

ఈ తేదీని గుర్తుపెట్టుకోండి. ఆ రోజుకి ఐర్లండ్‌లో శానిటరీ నాప్‌కిన్ల మీద, టాంపాన్ల మీద పన్ను సున్నా. బ్రిటన్‌లో మాత్రం పన్ను ఉంది. అందువల్ల ఐర్లండ్ స్త్రీలకు సున్నా నిలిచింది, బ్రిటన్ స్త్రీలకు దారి మూసుకుపోయింది. ఐర్లండ్‌లోని డండాక్‌కీ, బ్రిటన్ పాలనలో ఉన్న ఉత్తర ఐర్లండ్‌లోని న్యూరీకీ మధ్య ఉన్నది ఒక సరిహద్దు గీత మాత్రమే. ఆ గీతకు ఇటువైపు బహిష్టుకు పన్ను లేదు, అటువైపు ఉంది.

బ్రిటన్‌లో ఎందుకుంది? 1973లో బ్రిటన్ ఈ కూటమిలో చేరి, అదే సంవత్సరం ఏప్రిల్‌లో వ్యాట్ మొదలుపెట్టింది. తిండి సరుకులు, పిల్లల బట్టలు, పుస్తకాలు నిత్యావసరాలని వాటి మీద సున్నా రేటు పెట్టుకున్నారు. అప్పుడు యూరప్ వద్దనలేదు, జాబితా బ్రిటన్ సొంతమే. శానిటరీ నాప్‌కిన్లు మాత్రం నిత్యావసరాల్లోకి రాలేదు, వాటి మీద మామూలు రేటు, 10 శాతం పడింది. 1970 ఎన్నికల్లో గెలిచి ఆ పార్లమెంటులో కూర్చున్న 630 మందిలో స్త్రీలు 26 మంది. ఆ జాబితా రాసిన వాళ్లకు స్త్రీల మీద ద్వేషం ఉందని నేను అనను. వాళ్ల ఇళ్లలో ఆ సరుకు ఎవరు కొంటారో, దేనికి కొంటారో వాళ్లకి గుర్తుకు రాలేదు. ఎవరి అవసరం చర్చలోకి రాదో వాళ్ల మీద పన్ను నిలబడిపోతుంది. తర్వాత 1992లో అన్ని ప్రభుత్వాలూ కలిసి తలుపు మూశాయి. మూసిన వాళ్లలో బ్రిటన్ ప్రభుత్వం కూడా ఉంది.

"మా చేతులు కట్టేశారు"

ఆ తర్వాత జరిగిన కథ మన యూనిట్ ఆమె తిరిగిన ఆఫీసుల కథే. స్త్రీలు బ్రిటన్ ప్రభుత్వాన్ని అడిగితే "బ్రస్సెల్స్ నియమాలు, మా చేతులు కట్టేశారు" అన్నారు. బ్రస్సెల్స్‌ని అడిగితే "సభ్య ప్రభుత్వాలన్నీ ఒప్పుకుంటేనే మారుతుంది, మీ ప్రభుత్వాన్ని అడగండి" అన్నారు. అధికారం రెండు చోట్ల ఉన్నప్పుడు బాధ్యత ఎక్కడా లేకుండా పోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

పైగా "చేతులు కట్టేశారు" అన్న మాట కూడా సగమే నిజం. 5 శాతం దాకా తగ్గించుకునే వీలు మొదటినుంచీ ఉంది. బ్రిటన్ దాన్ని వాడుకున్నది 2001 జనవరిలో, స్త్రీలు పార్లమెంటులోనూ బయటా ఒత్తిడి తెచ్చిన తర్వాత. అప్పుడు 17.5 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఫ్రాన్స్ 2016లో 20 శాతం నుంచి 5.5 శాతానికి తగ్గించింది. జర్మనీ అయితే 2019 చివరిదాకా 19 శాతం వసూలు చేసి, 2020 జనవరి నుంచి 7 శాతానికి దిగింది. ఇన్నేళ్లూ వాళ్లను ఆపింది యూనియన్ కాదు. స్త్రీలు అడిగే దాకా అవసరం కనిపించకపోవడం.

2014లో బ్రిటన్‌లో లారా కోరిటన్ అనే విద్యార్థిని మొదలుపెట్టిన విజ్ఞాపన పత్రం మీద మూడు లక్షల మందికి పైగా సంతకాలు చేశారు. ప్రభుత్వం పన్ను తీయలేక, 2015లో ఆ పన్ను డబ్బును, ఏడాదికి ఒకటిన్నర కోటి పౌండ్లను, స్త్రీల సంస్థలకు ఇస్తామంది. దీన్ని మీరు జాగ్రత్తగా ఆలోచించండి. గృహహింస బాధితులకు ఆశ్రయం ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత. దాని ఖర్చును స్త్రీల బహిష్టు మీద వేసిన పన్నుతో తీర్చడమంటే, స్త్రీల దెబ్బలకు మందు స్త్రీలే కొనుక్కోవాలనడం. 2017లో ఆ నిధి నుంచి అబార్షన్ హక్కును వ్యతిరేకించే ఒక సంస్థకు 2,50,000 పౌండ్లు కేటాయించారు. స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే మనం ఇలాంటి నిధులు వచ్చినప్పుడు ఆ డబ్బు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో కూడా అడగాలి.

2016లో బ్రిటన్‌లో యూనియన్‌లో ఉండాలా వద్దా అన్న ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. బయటికి రావాలన్న వాళ్లు ఈ పన్నును కూడా ప్రచారానికి వాడుకున్నారు. సొంత దేశంలో స్త్రీల మీద పన్ను తీసే హక్కు కూడా మనకు లేదా అన్నారు. 43 ఏళ్లుగా ఆ ఊసెత్తని వాళ్లకి కూడా స్త్రీల అవసరం ఒక్కసారిగా జాతీయ గౌరవమైపోయింది. బ్రిటన్ బయటికొచ్చింది, 2021 జనవరి 1న పన్ను తీసేసింది. సార్వభౌమాధికారం గెలిచిందని చెప్పుకున్నారు. 15 నెలల తర్వాత 2022 ఏప్రిల్‌లో యూనియన్‌లో మిగిలిన 27 ప్రభుత్వాలు కూడా ఏకగ్రీవంగా నియమాలు మార్చుకుని, శానిటరీ సరుకుల మీద సున్నా పెట్టుకోవడానికి వీలు కల్పించుకున్నాయి. లోపల ఉన్న స్త్రీలూ, బయటికెళ్లిన స్త్రీలూ దాదాపు ఒకే కాలంలో ఒకే చోటికి చేరారు. వాళ్లను చేర్చింది రెండు వైపులా సాగిన ఉద్యమం.

ఇంకొక సంగతి. పన్ను పోయింది గదా, ధర తగ్గిందా? 2022లో బ్రిటన్‌లోనే ఒక పన్నుల పరిశోధనా సంస్థ ధరల లెక్కలు తీసింది. పన్ను తీసేయడం వల్ల మిగిలిన దాంట్లో కనీసం 80 శాతం దుకాణదారులే ఉంచుకున్నారని తేలింది. మనం పోరాడి పన్ను తీయిస్తే, దాని ఫలితం కొట్టువాడి గల్లాపెట్టెలోకి పోయింది. ఇది నిరుత్సాహపడటానికి చెప్పడం లేదు. పన్ను తీయించడం దగ్గర మన పని అయిపోదని చెప్పడానికి.

కంపెనీకి ఒక న్యాయం

ఇప్పుడు అదే యూనియన్‌లో ఇంకో గదిలోకి వెళదాం. అందులో కంపెనీల లాభాల మీద పన్ను గురించి మాట్లాడతారు. ఇందాక మనం చూశాం, స్త్రీ కొట్లో కొనే సరుకుకు యూనియన్ కనీస రేటు పెట్టింది, 15 శాతానికి తగ్గడానికి వీల్లేదంది. మరి కంపెనీ లాభానికి? దశాబ్దాలపాటు అలాంటి కనీస రేటు ఏదీ లేదు. ఐర్లండ్ 2003 నుంచి 12.5 శాతం, బల్గేరియా 2007 నుంచి 10 శాతం, హంగరీ 2017 నుంచి 9 శాతం. అదే హంగరీలో మామూలు వ్యాట్ 27 శాతం, యూనియన్ మొత్తంలో అదే ఎక్కువ. తొమ్మిదికీ ఇరవై ఏడుకీ మధ్య ఉన్న తేడాలో ఎవరి బరువు ఎవరి నెత్తికెక్కిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. సంపాదనంతా ఇంటి ఖర్చుకే పోయే మనిషికి వ్యాట్ తన రాబడి అంతటి మీదా పడుతుంది. మిగుల్చుకోగలిగే వాళ్లకి కొంత భాగం మీదే పడుతుంది. తక్కువ కూలితో ఇల్లు నడిపే స్త్రీలే మొదటి గుంపులో ఎక్కువ.

కంపెనీ పన్నుకు కనీస రేటు పెడదామన్నప్పుడల్లా ఏదో ఒక దేశం "మా పన్ను మా ఇష్టం" అని వీటో చూపించింది. 2022 డిసెంబరులో గానీ పెద్ద అంతర్జాతీయ కంపెనీలకు 15 శాతం కనీస పన్ను మీద ఒప్పందం కుదరలేదు. ఆ ఏడాది కూడా ముందు పోలండ్, తర్వాత హంగరీ దాన్ని నెలల తరబడి ఆపాయి. ఆపిల్ కంపెనీ విషయం మీలో కొందరు చదివే ఉంటారు. ఐర్లండ్ ఆ కంపెనీకి చట్టవిరుద్ధంగా పన్ను రాయితీ ఇచ్చిందని 2016లో యూరోపియన్ కమిషన్ తీర్పు చెబితే, రావలసిన 1300 కోట్ల యూరోలు మాకొద్దని ఐర్లండ్ ప్రభుత్వమే కోర్టుకు వెళ్లింది. 2024 సెప్టెంబరులో యూరోపియన్ న్యాయస్థానం ఆ డబ్బు వసూలు చేయవలసిందేనని తేల్చింది. తన ఖజానాకు రావలసిన డబ్బు వద్దని ఒక ప్రభుత్వం కోర్టుకెక్కడం సార్వభౌమాధికారం పేరుతోనే జరిగింది.

కాబట్టి జాతీయ అధికారం అన్న మాట వినగానే మనం అడగవలసిన ప్రశ్న ఒకటుంది. అది ఎవరి కోసం అట్టిపెట్టిన అధికారం? స్త్రీ కొనే సరుకు దగ్గర "మా చేతుల్లో లేదు" అన్న ప్రభుత్వాలే కంపెనీ లాభం దగ్గర "మా చేతుల్లోంచి పోనివ్వం" అన్నాయి.

దీన్నిబట్టి అధికారమంతా పైకి పోతే మేలని నేను చెప్పడం లేదు. అలాగని దేశం చేతిలో ఉంటే మేలనీ లేదు. జర్మనీలో 1958 నుంచి భార్యాభర్తల ఆదాయాన్ని కలిపి, సగం చేసి పన్ను లెక్కగట్టే పద్ధతి ఉంది. ఒకరు బాగా సంపాదించి, రెండోవారు సంపాదించకపోతే ఆ కుటుంబానికి లాభం ఎక్కువ. ఆ రెండోవారు ఎవరో మనకు తెలుసు. తక్కువ జీతం ఉన్న భార్య చాలాసార్లు ఎక్కువ కోత పడే తరగతిలో ఉంటుంది, చేతికొచ్చే జీతం తగ్గుతుంది. నిరుద్యోగ భృతి లాంటివి ఆ చేతికొచ్చిన జీతాన్ని బట్టే లెక్కగడతారు కాబట్టి అవీ తగ్గుతాయి. ఈ పద్ధతి స్త్రీలను ఉద్యోగాలకు దూరం చేస్తోందని యూనియన్ జర్మనీకి పలుమార్లు సలహా ఇచ్చింది. ఆదాయపు పన్ను జాతీయ విషయం కాబట్టి సలహా దాటి ఏమీ చేయలేకపోయింది. స్వీడన్ తన సొంత నిర్ణయంతోనే 1971లో భార్యాభర్తలకు విడివిడి పన్ను తెచ్చింది. అధికారం ఒకే స్థాయిలో ఉన్నా ఒకచోట స్త్రీలకు మేలు జరిగింది, ఒకచోట కీడు జరిగింది.

సారా ఉద్యమం నేర్పింది

మన అనుభవానికి ఇంకా దగ్గరగా ఉన్న ఒక ఉదాహరణ చెప్తాను. ఫిన్లండ్ 1995లో యూనియన్‌లో చేరింది. అక్కడ మద్యం మీద భారీ పన్ను ఉండేది, తాగుడు తగ్గించాలన్న ఉద్దేశం అందులో ఉంది. బయటి నుంచి ప్రయాణికులు మద్యం తెచ్చుకోవడం మీద ఉన్న ఆంక్షలు యూనియన్ నియమాల వల్ల 2004 మొదట్లో పోయాయి. అదే ఏడాది మే నెలలో సముద్రానికి అవతల ఉన్న ఎస్టోనియా యూనియన్‌లో చేరింది. అక్కడ మద్యం చవక. జనమంతా పడవలెక్కి తెచ్చుకుంటారన్న భయంతో ఫిన్లండ్ ప్రభుత్వం 2004 మార్చిలో తన మద్యం పన్నును సగటున మూడో వంతు తగ్గించింది. తాగుడు పెరిగింది, లివర్ చెడి చనిపోయేవాళ్లు పెరిగారు. ఫిన్లండ్ చట్టసభ అధికారాన్ని ఎవరూ లాక్కోలేదు. కాగితం మీద అధికారం ఉంది గానీ, పక్క రాజ్యం పన్ను తగ్గించి ఉంటే దాన్ని వాడుకునే శక్తి లేకుండా పోయింది. 2008 నుంచి వాళ్లు మళ్లీ పెంచుకుంటూ వచ్చారు.

ఇది వింటుంటే మీకు 1992 దూబగుంట గుర్తొస్తుంది. నెల్లూరు జిల్లా స్త్రీలు మొదలుపెట్టిన పోరాటంతో 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధం సడలించినప్పుడు చెప్పిన కారణాల్లో ఖజానా లోటు, పక్క రాష్ట్రాల నుంచి దొంగ రవాణా ఉన్నాయి. స్త్రీల పోరాటంతో వచ్చిన నిర్ణయాన్ని రాష్ట్ర ఆదాయ లెక్క వెనక్కి తిప్పింది.

ఇప్పుడు మన జీఎస్టీ దగ్గరికి వద్దాం. 2016లో రాజ్యాంగానికి 101వ సవరణ చేసి, 2017 జూలై 1 నుంచి జీఎస్టీ తెచ్చారు. అంతకుముందు రాష్ట్రం తన వ్యాట్‌ను తన శాసనసభలో తగ్గించుకోగలిగేది. తర్వాత రేట్లన్నీ జీఎస్టీ కౌన్సిల్ చేతికి వెళ్లాయి. అందులో కేంద్రం ఓటు విలువ మూడో వంతు, రాష్ట్రాలన్నిటి ఓటు కలిపి మూడింట రెండు వంతులు, నిర్ణయానికి కావలసింది నాలుగింట మూడు వంతులు. అంటే దేశంలోని రాష్ట్రాలన్నీ ఒక్కటై అడిగినా కేంద్రం ఒప్పుకోకపోతే జరగదు. కేంద్రం ఒక్కటే అనుకున్నా జరగదు. ఏ ఒక్క రాష్ట్రమూ తనంత తాను ప్యాడ్ల మీద రేటు మార్చలేదు.

రాష్ట్రాలు ఇంత అధికారం వదులుకున్నప్పుడు, దేన్ని మాత్రం వదలమని పట్టుబట్టాయో చూడండి. తాగే మద్యం జీఎస్టీ బయట ఉంది. పెట్రోలు, డీజిల్ మీద కూడా జీఎస్టీ ఇంతవరకూ పడలేదు. రాష్ట్రాల హక్కు అంటూ కాపాడుకున్న వాటిలో మద్యం ఆదాయం ముందుంది. ప్యాడ్ల మీద నిర్ణయించుకునే హక్కు మాకు కావాలని ఏ రాష్ట్రమూ పట్టుబట్టలేదు.

2017లో కౌన్సిల్ రాసిన జాబితాలో కుంకుమ, బొట్టుబిళ్లలు, సిందూరం, పారాణి, గాజులకు పన్ను లేదు. శానిటరీ నాప్‌కిన్ల మీద 12 శాతం. 1973 బ్రిటన్ జాబితాకీ దీనికీ పోలిక మీకే కనబడుతోంది. పెళ్లయిన స్త్రీ గుర్తులు వాళ్లకు కనిపించాయి, స్త్రీ శరీరం కనిపించలేదు. దీని మీద పడ్డ కేసులో, కౌన్సిల్‌లోని 31 మందిలో ఒక్క స్త్రీ కూడా లేదన్న సంగతిని 2017 నవంబరులో ఢిల్లీ హైకోర్టు ఎత్తిచూపింది. దేశమంతటా స్త్రీలు, విద్యార్థినులు ఒత్తిడి తెచ్చాక 2018 జూలైలో పన్ను తీసేశారు.

ఇక్కడ మన యూనిట్ ఆమె మొదటి ప్రశ్నకు జవాబు ఉంది. ఐర్లండ్ "సున్నా రేటు" వేరు, మన "మినహాయింపు" వేరు. సున్నా రేటులో, తయారుచేసే వాళ్లు ముడిసరుకు మీద కట్టిన పన్నును ప్రభుత్వం తిరిగి ఇచ్చేస్తుంది. మినహాయింపులో ఇవ్వదు. మన చట్టంలో సున్నా రేటు ఎగుమతులకూ, ప్రత్యేక ఆర్థిక మండళ్లకు పంపే సరుకులకూ మాత్రమే ఉంది. 2017లో ప్యాడ్ల ముడిసరుకుల మీద 12, 18 శాతం పన్నులుండేవి. చిన్న యూనిట్లు టర్నోవర్ పరిమితి లోపల ఉంటాయి గనక అవి అమ్మకం మీద జీఎస్టీ కట్టనే కట్టవు. కాబట్టి మినహాయింపు వల్ల వాటికి కొత్తగా కలిసొచ్చింది లేదు. పెద్ద కంపెనీ ప్యాడ్ మీద, బయటి దేశం నుంచి వచ్చే ప్యాడ్ మీద జీఎస్టీ పోయింది. అంతకుముందు ఆ స్త్రీలకు పోటీలో ఉన్న కాస్త వెసులుబాటూ పోయింది. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ రేట్లను ముఖ్యంగా 5, 18 శాతాలకు కుదించారు గానీ, మినహాయింపుకూ సున్నా రేటుకూ ఉన్న ఈ తేడా అలాగే ఉంది.

మనం చేయవలసింది

ఆమె రెండో ప్రశ్న, ఎవరిని అడగాలి అన్నది. దీనికి నాకు తోచినవి నాలుగు చెప్తాను, చర్చలో మీరు సరిదిద్దండి.

ఒకటి, "మా చేతుల్లో లేదు" అన్న జవాబుతో వెనక్కి రావద్దు. 2022 మే 19న సుప్రీంకోర్టు జీఎస్టీ కౌన్సిల్ సిఫార్సులు పార్లమెంటునూ శాసనసభలనూ కట్టిపడేయవని తీర్పు చెప్పింది. ఆచరణలో అందరూ కౌన్సిల్ మాటే పాటిస్తున్నారు, నిజమే. కానీ కౌన్సిల్‌లో మన రాష్ట్ర మంత్రి కూర్చుంటాడు. అక్కడ ఏం అడిగారు, దేనికి ఒప్పుకున్నారు అని ఇక్కడ మన శాసనసభ్యులను అడిగించవచ్చు. రాతపూర్వకంగా అడగాలి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి.

రెండు, జాబితాలు తెరుచుకునే రోజు ముందుగా తెలుసుకోవాలి. బ్రిటన్ స్త్రీలకు ఒక తేదీ దాటిపోయి ముప్పై ఏళ్లు పట్టింది. బడ్జెట్ ముందు వ్యాపార సంఘాలన్నీ తమ విజ్ఞాపనలు ఇస్తాయి. మహిళా సంఘాల విజ్ఞాపనలు ఎన్ని వెళ్తున్నాయి? "మినహాయింపు కాదు, ముడిసరుకు పన్ను వాపసు కావాలి" అన్న ఒక్క వాక్యం సరైన సమయంలో వెళ్లాలి. స్త్రీ కుర్చీలో కూర్చుంటే అంతా సరిపోతుందని కూడా అనుకోకూడదు. 2019 నుంచి కౌన్సిల్‌కు అధ్యక్షత వహిస్తున్నది స్త్రీయే. కుర్చీలో ఉన్నవారు ఎవరైనా బయటినుంచి అడిగేవాళ్లు కావాలి.

మూడు, ధరలు మనమే చూడాలి. పన్ను తగ్గినా లాభం కొనుగోలుదారుకు ఇవ్వని వ్యాపారుల మీద ఫిర్యాదులకు 2017లో ఒక అథారిటీ పెట్టారు. 2022లో ఆ పని వేరే సంస్థకు మార్చారు, 2025 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఫిర్యాదులు తీసుకోవడమే ఆపేశారు. కాబట్టి మన గ్రూపులే తమ ఊరి కొట్లలో ధరలు పన్ను మారకముందు, మారిన తర్వాత రాసిపెట్టుకోవాలి. అదే మన రుజువు.

నాలుగు, పన్ను మీద అధికారం లేనిచోట ఖర్చు మీద అధికారం ఉంటుంది. స్కాట్లండ్ చట్టసభకు వ్యాట్ మార్చే అధికారం లేదు, అది లండన్ పార్లమెంటుది. అయినా వాళ్లు కావలసిన వాళ్లందరికీ బహిష్టు సరుకులు ఉచితంగా ఇవ్వాలన్న చట్టం 2020 నవంబరులో ఆమోదించారు. 2022 ఆగస్టు నుంచి అది పూర్తిగా అమల్లోకొచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ప్రభుత్వ విద్యాసంస్థల్లో చదివే ఆడపిల్లలకు ప్యాడ్లు ఇచ్చే పథకం మొదలైంది. ఇలాంటి పథకాలకు సరుకు ఎక్కడ కొంటున్నారు, పొదుపు సంఘాల యూనిట్లకు అందులో వాటా ఉందా అని అడగడం మన రాష్ట్రంలోనే, మన జిల్లాలోనే చేయగలిగిన పని.

కేంద్రమా రాష్ట్రమా, యూనియనా దేశమా అన్న వాదన రేపు కూడా జరుగుతుంది. జరగాలి కూడా. రాష్ట్రాల హక్కులు ముఖ్యం, వాటిని నేను తక్కువ చేయడం లేదు. అయితే ఆ వాదనలో రెండు పక్షాల్లో ఏదో ఒకదాని వెనక చప్పట్లు కొట్టేవాళ్లుగా మనం మిగిలిపోకూడదు. పన్ను అధికారం ఎక్కడుంటే అక్కడికి మన ప్రశ్న చేరాలి, జవాబు చెప్పే మనిషి పేరు మనకు తెలియాలి.

ఆ యూనిట్‌కి నేను మళ్లీ వెళ్లాను. సున్నా రేటుకూ మినహాయింపుకూ తేడా ఆమె బిల్లుల ఫైలు వెనక అట్ట మీదే లెక్కవేసి చూపించాను. ఆమె చాలాసేపు చూసి, "ఇది అర్థం కావడానికి ఇంత చదువు అక్కర్లేదక్కా, మాకు ముందే చెప్పుంటే మేమే అడిగేవాళ్లం" అంది. మూడు మిషన్లలో అప్పటికి ఒకటే ఆడుతోంది. ఆమె మాట నేను మీకు అప్పగిస్తున్నాను. మీ మీ ప్రాంతాల్లో ఇలాంటి యూనిట్లు ఎన్ని ఉన్నాయి, ఏడాదికి ముడిసరుకు మీద ఎంత పన్ను కడుతున్నాయి అన్న లెక్క తీసుకుని వచ్చే శిబిరానికి రండి. ఆ లెక్కతోనే మన విజ్ఞాపన రాద్దాం.